ఎందుకు చేస్తున్నావని అడిగితే

క్రిస్మస్ దగ్గరపడుతుంటే సిద్దిపేట జిల్లా పల్లెల నుంచి మెదక్ దారి పట్టేవాళ్లు పెరుగుతారు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మా తొగుట మండలం కూడా మెదక్ జిల్లాలోనిదే. అందుకే ఇక్కడి వాళ్లకు మెదక్ చర్చి పరాయి ఊరి కట్టడంలా అనిపించదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చికి 2024లో నూరేళ్లు నిండాయి. ఆ పండుగకు ముఖ్యమంత్రి వచ్చారు, పత్రికలు ప్రత్యేక వ్యాసాలు వేశాయి. 175 అడుగుల గోపురం గురించి, ఏసు పుట్టుకనూ సిలువనూ ఆరోహణాన్నీ చూపే రంగుటద్దాల కిటికీల గురించి ఎంత కావాలంటే అంత చదువుకోవచ్చు. వాటన్నిటి కింద ఒక కూలి కథ ఉంది. మాకు అదే ఎక్కువ ఆసక్తి.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మెదక్ ప్రాంతం కరవులో పడింది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ అప్పటికి చాలా ఏళ్లుగా అక్కడే ఉంటున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే గంజి పోయడం కన్నా పని చూపించి తిండి పెట్టడం మేలనుకున్నారు. పునాదులు తవ్విందీ, రాళ్లు మోసిందీ చుట్టుపక్కల పల్లెల జనమే. కట్టడానికి పదేళ్లు పట్టింది. ఈ కథ విని ఒకరు దయ అంటారు. మరొకరు ఆకలిని అడ్డం పెట్టుకుని మతం పెంచుకున్నారంటారు. నూరేళ్లుగా తెగని ఈ వాదం ఈ చిన్న సంపాదకీయంలో తెగేది కాదు. కానీ ధర్మం పుచ్చుకున్నవాడు తల దించుకుని పోతాడు, కూలి పుచ్చుకున్నవాడు లెక్క సరిచూసుకుని పోతాడు. రెండో మనిషి ఎవరికీ రుణపడలేదు. ఇంకొకరికి మేలు చేయాలనుకునే ఏ భక్తుడైనా ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

దీన్ని అందరికన్నా సూటిగా చెప్పిన మనిషి మన దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన పుట్టింది తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతం. తెలుగు నేర్చుకుని నిజాం రాజ్యానికి వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ చేరిన తెల్లదొరలంతా తమ త్యాగాల గురించి చెప్పుకుంటుంటే ఈ ముప్పై ఐదేళ్ల నల్లని మనిషి లేచి, మీ త్యాగాలకు మేం కృతజ్ఞులమే గానీ మాకు కావలసింది స్నేహితులు, ముందు వాళ్లను పంపండి అన్న అర్థంలో మాట్లాడారు. సభలో కొందరికి ఆ మాట మింగుడుపడలేదు. పేదలకు ఆస్తులు ధారపోసినా లోపల చనువు లేకపోతే అది సేవ అనిపించుకోదన్నది ఆయన అభిప్రాయం. పైనుంచి కిందికి చాచిన చెయ్యి ఎంత మెత్తనిదైనా కిందివాడికి దాని ఎత్తే కనబడుతుంది.

అదే అజరయ్య 1930లలో గాంధీజీతో విభేదించారు. మిషనరీలు ఆసుపత్రులు నడపవచ్చు, బడులు పెట్టవచ్చు, కానీ దాని వెనక మతం మార్చే ఉద్దేశం ఉండకూడదని గాంధీజీ ‘హరిజన్’ పత్రికలో పదేపదే రాశారు. గులాబీ తన వాసన గురించి ఉపన్యాసం ఇవ్వదని ఆయన చెప్పిన పోలిక చాలామందికి తెలిసిందే. అజరయ్యకు ఆ మాటలో సగం నచ్చింది, సగం నచ్చలేదు. పల్లెల్లోని మాల, మాదిగలు తిండికీ మందుకూ మోసపోయే అమాయకులన్నట్టు మాట్లాడటం ఆయనకు అవమానంగా తోచింది. ఏ దేవుణ్ణి నమ్మాలో తేల్చుకునే తెలివి చదువుకున్నవాడికి ఎంత ఉందో చదువులేని వాడికీ అంతే ఉందన్నది ఆయన వాదన. ఇద్దరిలో ఎవరిది ఒప్పో చెప్పమని అడిగితే మేం తేల్చలేం. ఇద్దరూ ఎదుటి మనిషి గౌరవం కోసమే వాదించారు. ఇప్పుడు టీవీ చర్చల్లో ఈ విషయం మీద అరుచుకునేవాళ్ల నోట ఆ గౌరవం వినబడటం లేదు.

దోర్నకల్ చరిత్ర చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. కొత్తగా క్రైస్తవులైన వెట్టిచాకిరీ కుటుంబాలను ఊరి పైకులాల వాళ్లు ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. వీళ్లు తాగుడు మానుతున్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు, శుభ్రంగా ఉంటున్నారు, ఎందుకని? ఆ కుతూహలంతోనే కొన్ని రైతు కుటుంబాలు కూడా చర్చి వైపు చూశాయని అజరయ్య కాలపు చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. బోధించడానికి పోయినవాళ్లు వాళ్ల ఇంటి గడప తొక్కి ఉండరు, తొక్కనిచ్చి కూడా ఉండరు. పొలంలో, బాటలో, బావి దగ్గర కనిపించిన మనుషుల నడవడే వాళ్లకు తెలిసింది.

పేతురు మొదటి పత్రికలో ఈ విషయమే చాలా పొదుపుగా ఉంది. నీలోని నిరీక్షణకు కారణమేమిటని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటాడు, అది కూడా మెత్తగా. ముందు అడగడం, తర్వాత చెప్పడం. ఈ వరుస తిరగబడిన చోటే చిక్కంతా వచ్చిపడుతుంది. అడగని వాడి చెవిలో మైకు పెట్టి చెప్పేది ఎంత మంచి మాటైనా అతనికి గోలే.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు దినం గురించి ఏసు చెప్పిన కథ ఇంకా చిత్రమైనది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవాళ్లను, పరదేశిని చేర్చుకున్నవాళ్లను, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడబోయినవాళ్లను రాజు మెచ్చుకుంటాడు. అదంతా తనకే చేశారంటాడు. వాళ్లు తెల్లబోతారు. మేం ఎప్పుడు చేశాం, నిన్ను ఎప్పుడు చూశాం అని ఎదురడుగుతారు. వాళ్ల దగ్గర లెక్క లేదు. దేవుడి కోసం చేస్తున్నామన్న స్పృహ కూడా ఉన్నట్టు లేదు. ఈ అధ్యాయాన్ని ఆసుపత్రి గోడల మీద, అనాథాశ్రమాల గుమ్మాల మీద రాయించేవాళ్లు ఆ ఎదురు ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగితే బాగుండేది.

మంచి సమరయుడి కథ ఆదివారం బడి పిల్లలందరికీ వచ్చు. యెరికో బాటలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి తప్పుకుపోతాడు, లేవీయుడూ అంతే. పరాయివాడైన సమరయుడు ఆగి, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంటికి చేరుస్తాడు. గాయపడ్డవాడితో అతను ఒక్క మాట మాట్లాడినట్టు కథలో లేదు. మాట్లాడింది పూటకూళ్లవాడితో, అదీ ఖర్చుల గురించి. రెండు దేనారాలు చేతిలో పెట్టి మర్నాడు తన దారిన తను పోతాడు. ఆ తర్వాత ఆ రోగిని లేపి నీళ్లు తాగించింది, మలమూత్రాలు చూసింది, జ్వరం తగ్గిందో లేదో నుదురు తాకి చూసింది పూటకూళ్ల ఇంటివాళ్లే కదా. ఈ మనిషి మీద ప్రసంగం చేసినవాళ్లు అరుదు. డబ్బు పుచ్చుకున్నాడు కాబట్టి కథలో చిన్నవాడైపోయాడేమో. రోజువారీ దయ ఎప్పుడూ ఇలాంటి వాళ్ల చేతుల మీదే నడుస్తుంది. ఆశా కార్యకర్త, ఆసుపత్రి ఆయమ్మ, మంచం పట్టిన అత్తను చూసుకునే కోడలు. వాళ్లలో ఏ మతం వాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టరు, పెట్టాల్సిన పనీ లేదు.

ఇక తొగుట సంగతి. ఈ మండలం పేరు దశాబ్దం కిందటిదాకా బయటివాళ్లకు పెద్దగా తెలియదు. 50 టీఎంసీల మల్లన్నసాగర్ వచ్చాక అందరికీ తెలిసింది. 2022 ఫిబ్రవరి 23న ఆ జలాశయాన్ని ప్రారంభించారు. దాని కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్ లాంటి ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లవాళ్లలో చాలామంది గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి చేరారు. ప్రాజెక్టు మంచిచెడుల చర్చ ఈ కాలమ్‌కు సంబంధించింది కాదు. కానీ ఊరు మునిగితే పరిహారం లెక్కలో చేరనివి చాలా ఉంటాయి. చేబదులు ఇచ్చే పక్కింటి మనిషి, పురుడు పోయడానికి పరుగెత్తుకొచ్చే అమ్మ, రాత్రి కడుపునొప్పి వస్తే బండి తీసే తమ్ముడు. నగదు పంపిణీ రిజిస్టరులో వీళ్లకు గడి ఉండదు. కొత్త కాలనీలో ఇళ్లు వరసగా ఉంటాయి. కానీ ఆ వరసలో పక్కింటివాడు పక్కింటివాడు కావడానికి కొన్నేళ్లు పడుతుంది.

ఇలాంటి చోటే విశ్వాసం గలవాడికి చేతినిండా పని. మందిరం కట్టించడం, స్పీకర్లు కొనడం, కన్వెన్షన్‌కు పేరున్న బోధకుణ్ణి పిలిపించడం సంఘాలకు తెలిసిన పనులే. అంతకన్నా చిన్నవీ, విసుగు పుట్టించేవీ బోలెడున్నాయి. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు పట్నం పోవాల్సిన ముసలాయనకు తోడు కూర్చోవడం. వేలిముద్ర పడక పింఛను ఆగిపోయిన అవ్వను మీసేవకు, అక్కడినుంచి మండలాఫీసుకు తిప్పడం. కొడుకు గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో తల్లికి జ్వరమొస్తే సిద్దిపేట ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించడం. యూరియా కోసం తెల్లవారకముందే క్యూలో నిలబడ్డ వృద్ధురాలిని నీడకు కూర్చోబెట్టి ఆమె వంతులో తాను నిలబడటం. దుబ్బాక వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లలో ఎవరికైనా చెయ్యి పట్టేస్తే ఆ వారం కట్టల లెక్క తగ్గకుండా పక్కన కూర్చుని నాలుగు కట్టలు చుట్టివ్వడం. వీటికి ఫోటో విలువ లేదు. చేసిన మనిషి పేరు కూడా రెండో వారానికి మరిచిపోతారు.

ఈ పనులు చేయడానికి క్రైస్తవుడే కానక్కర్లేదు కదా అంటారు ఎవరైనా. నిజమే, కానక్కర్లేదు. బోనాల జాతరకు పోయే మనిషీ చేస్తాడు, నమాజుకు పోయే మనిషీ చేస్తాడు. సమరయుడి కథలో ఏసు ఎంచుకున్నది తన మతం వాణ్ణి కాదని గుర్తుంచుకున్నవాళ్లకు ఇది చిన్నతనంగా అనిపించదు. పక్క మతం మనిషి తనకన్నా ముందే మంచం దగ్గర కూర్చుని ఉంటే విశ్వాసి సంతోషించి రెండో స్టూలు వేసుకోవాలి.

మాటకన్నా పనికి బరువెక్కువ కావడానికి మన పల్లెల్లో మరో కారణం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. వాళ్లను మన దగ్గర బీసీ-సి కింద, ఒక శాతం రిజర్వేషన్‌తో లెక్కిస్తారు. దాంతో చాలా ఇళ్లలో నమ్మకం ఒకటి, కాగితం మరొకటి. నలుగురిలో నిలబడి నేను ఫలానా అని చెప్పుకోవడం అందరికీ తేలికైన పని కాదు. బడి ఫీజు, హాస్టలు సీటు, ఉద్యోగం దానితో ముడిపడి ఉంటాయి. అలాంటి మనిషి నోరు మూసుకుని పక్కింటి శవానికి పాడె కడితే, అతను ఎవరో ఊరికి తెలుసు, ఎందుకు కట్టాడో కూడా తెలుసు. ఈ మౌనాన్ని పిరికితనమని సులువుగా తీసిపారేసే బోధకులు పట్నంలో ఎక్కువ, పల్లెలో తక్కువ.

బియ్యం సంచి ఇస్తూ దాని వెనక ఫ్లెక్సీ కట్టి, పుచ్చుకునే ఆమె మొహం కెమెరా వైపు తిప్పించే సేవ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అన్ని మతాల వాళ్లూ, అన్ని పార్టీల వాళ్లూ చేస్తున్నదే. కరోనా రోజుల్లో అది పరాకాష్ఠకు చేరింది. అదే రోజుల్లో సొంతవాళ్లు ముట్టని శవాలకు వేర్వేరు మతాల కుర్రాళ్లు అంత్యక్రియలు జరిపించారు. వాళ్ల మొహాలు పీపీఈ కిట్ల వెనక ఉండిపోయాయి. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించడానికీ ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ప్రచారం చేసే హక్కులో ఎదుటివాణ్ణి మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. ఆశ చూపి, భయపెట్టి మార్చడం చట్టానికే కాదు, సువార్తకు కూడా ఒప్పదు. అయితే ప్రతి ఆసుపత్రి మంచం వెనకా కుట్ర వెదికే కళ్లకు కూడా చికిత్స అవసరం.

ఆ చికిత్సకు పనికొచ్చే చరిత్ర మన పొరుగునే ఉంది. స్కాట్లండు డాక్టరు ఇసబెల్ కెర్ భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో ఆమె దగ్గరికి వచ్చే రోగుల్లో పెద్దరోగం వాళ్లు కనబడసాగారు. ఊళ్లు వెలివేసిన మనుషులు వాళ్లు. 1911లో వాళ్లకోసం ఒక చిన్న కేంద్రం తెరిస్తే అది చాలలేదు. అప్పుడు ముందుకొచ్చి డబ్బు ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆ సాయంతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి లేచింది. మిషనరీ డాక్టరుకు హిందూ దాత డబ్బు ఇవ్వడానికి సంకోచించలేదు, ఆయన ఇస్తే తీసుకోవడానికి ఆమె సంకోచించలేదు. ఒకరినొకరు మార్చుకోవాలన్న షరతేదీ ఇందులో కనిపించదు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది రోగి.

డిచ్‌పల్లి గురించి తెలుసుకోవాల్సింది మరొకటుంది. అప్పటికి ఆ జబ్బుకు ఖాయంగా నయం చేసే మందు లేదు. చాల్‌మూగ్రా నూనెను సూది ద్వారా ఎక్కించేవారు. ఆ నొప్పి భరించడం కష్టం, ఫలితం కొందరికే. సల్ఫోన్ మందులు 1940లలో, ఇప్పుడు వాడే బహుళ ఔషధ చికిత్స 1980లలో వచ్చాయి. అంటే దాదాపు ముప్పై ఏళ్ల పాటు అక్కడ జరిగిన పనిలో ఎక్కువ భాగం పుండు కడగడం, కట్టు మార్చడం, వేళకు అన్నం పెట్టడం. ఇంకా పెద్ద సంగతి, ముట్టుకోవడం. అంటరాని జబ్బూ అంటరాని కులమూ రెండూ ఉన్న మనిషి ఒంటి మీద ఇంకో మనిషి చెయ్యి ఎన్నేళ్లకు పడిందో ఏ రికార్డులోనూ ఉండదు. జబ్బు నయం చేసి పేరు తెచ్చుకోవడం ఒక ఎత్తు. నయం కాదని తెలిసీ మర్నాడు పొద్దున్నే మళ్లీ బేసిన్‌లో నీళ్లు పట్టుకురావడం ఇంకో ఎత్తు. ఈ రెండోదాన్ని చూసినవాడికి ఎందుకు చేస్తున్నావని అడగాలనిపిస్తుంది. అప్పుడు పేతురు చెప్పిన జవాబుకు చోటు దొరుకుతుంది. అడగకపోయినా ఆ రోగి పుండు శుభ్రపడిందన్నది అబద్ధం కాదు.

పెద్ద మిషన్ల కాలం అయిపోయింది. విదేశీ డబ్బుకు తలుపులు సన్నబడ్డాయి. దీన్ని దుఃఖంగా చెప్పుకునే పాస్టర్లు ఉన్నారు గానీ మాకు అంత దుఃఖంగా లేదు. పరాయి సొమ్ముతో చేసే దయకు లెక్కలు చూపాలి, నివేదికలు పంపాలి, ఫోటోలు జతచేయాలి. మిజోరంలో 1910 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ఇల్లాలు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్క డబ్బాలో వేస్తుంది. ఆ పిడికిళ్లే పోగై అక్కడి సంఘాల సేవకు పెద్ద ఆధారమయ్యాయి. మన తెలుగు సంఘాల్లోనూ పిడికెడు బియ్యం అలవాటు పాతదే. దాన్ని కొన్నిచోట్ల కవరు కానుకలు, ఇప్పుడు ఫోన్ పే కోడ్ పక్కకు నెట్టేశాయి. పిడికెడు బియ్యంలో డబ్బుకు లేని సుగుణం ఒకటుంది. తన ఇంట్లో ఎన్ని పిడికిళ్లు మిగులుతాయో తెలిసిన ఆమెకే పక్కింట్లో పొయ్యి వెలిగిందో లేదో కూడా తెలుస్తుంది.

వానాకాలం వడ్లు ఇంటికొచ్చాక సీఎస్ఐ సంఘాల్లో కోత పండుగ చేస్తారు. వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి మందిరం ముందు పెట్టి వేలం వేస్తారు. వేలంలో కోడి ధర అంగడి ధరకు మూడింతలు పలకడం మామూలే, అదో సరదా. ఆ డబ్బు ఎక్కువగా మందిరం సున్నానికో ప్రహరీకో పోతుంది. ఈసారి అందులో కొంత తీసి, రాత్రివేళ సిద్దిపేట ఆసుపత్రికి పోవాల్సి వచ్చే ఎవరికైనా, ఏ వాడ వాళ్లకైనా, ఆటో కిరాయి కింద ఒక డబ్బాలో పెడితే ఎలా ఉంటుందో తొగుట వైపు సంఘాల పెద్దలు ఆలోచించవచ్చు. డబ్బా ఎవరింట్లో ఉండాలి, అడిగిన ప్రతివాడికీ ఇవ్వాలా అన్న తగవులు ఎలాగూ వస్తాయి. డబ్బా మీద సంఘం పేరు రాయించాలా వద్దా అన్న చర్చ కూడా కమిటీలో తప్పదు. మా ఓటు వద్దనే.